చిప్ప బొగ్గుకు పటిక పూత

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి వైపు ఎండిన కొబ్బరి చిప్ప పొయ్యిలోకి పోతుంది. బోరు నీళ్లలోని ఫ్లోరైడును పట్టే సరుకు కూడా దానితోనే తయారవుతుంది. కాయ బాగా ముదిరినదై ఉండాలి. లేత చిప్ప బొగ్గు వేళ్ల మధ్యే నలిగిపోతుంది. పీచు గీకి, ఎండబెట్టి, బొటనవేలంత ముక్కలుగా కొడతారు. 10 కిలోల సరుకు చేతికి రావాలంటే 75 కిలోల దాకా చిప్ప కావాలి.

మూత బిగించిన ఇనుప డ్రమ్ములో 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వేడి మీద కొన్ని గంటలు కాలుస్తారు. గాలి ఎక్కువైతే మిగిలేది బూడిదే. పనివాడి కన్నంతా పొగ మీదే. మొదట దట్టంగా తెల్లగా, తర్వాత పసుపుగా వస్తుంది. అది సన్నని నీలి పొగగా మారగానే గాలి కంతలు మూసేస్తాడు. 75 కిలోలకు 22 కిలోల బొగ్గు దిగుతుంది.

తర్వాతి మెట్టు ఊళ్లో కుదిరేది కాదు. ఫ్యాక్టరీ కొలిమిలో 900 డిగ్రీలు దాటిన వేడిలో బొగ్గు మీదికి నీటి ఆవిరి పంపుతారు. ఆవిరి బొగ్గును లోలోపల తినేసి సన్నని రంధ్రాలు చేస్తుంది. బరువు సగానికి పడిపోతుంది గానీ, ఒక్క గ్రాము బొగ్గు లోపలి గోడలన్నీ పరిస్తే దాదాపు పాతిక సెంట్ల నేల. దీన్నే యాక్టివేటెడ్ కార్బన్ అంటారు. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు గింజలను జల్లెడ పట్టి, బూడిద పోయేదాకా కడుగుతారు.

ఉత్త బొగ్గుకు ఫ్లోరైడు అంతగా అంటదు. ఫ్లోరైడును పట్టాలంటే అల్యూమినియం కావాలి, అది పటికలో ఉంది. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతి కూడా పటిక, సున్నాల మీదే నడుస్తుంది. 40 లీటర్ల నీళ్లలో 800 గ్రాముల పటిక కరిగించి, 10 కిలోల బొగ్గును రాత్రంతా నానబెడతారు. పొద్దున్నే సోడా కరిగించిన నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్ 7కు తెస్తారు. రంధ్రాల్లో తెల్లటి జిగురులా అల్యూమినియం హైడ్రాక్సైడు పేరుకుంటుంది. నా లెక్కలో అసలు పనితనమంతా ఇక్కడే. గబుక్కున పోస్తే ఆ జిగురు బయటే ముద్దకట్టి, మొదటి కడుగులోనే కొట్టుకుపోతుంది. వడకట్టి 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మళ్లీ కడుగుతారు. కడిగిన నీళ్లలో అల్యూమినియం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మించకూడదు.

ఫిల్టరు అడుగున గులకరాళ్లు, వాటి మీద ఇసుక, ఆపైన 20 లీటర్ల మేర ఈ సరుకు పోస్తారు. నీళ్లకు 15 నిమిషాల స్పర్శ దొరకాలంటే గంటకు 80 లీటర్లకు మించి వదలకూడదు. క్షారం ఎక్కువున్న బోరు నీళ్లలో పట్టు తగ్గుతుంది.

సరుకు నిండిపోయిందని నీళ్లు చెప్పవు: ఫ్లోరైడుకు రంగూ వాసనా లేవు. అందుకే వారం వారం పరీక్ష. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటగానే ఆపి, మళ్లీ పటిక నీళ్లు పట్టిస్తారు, 1.5 దాటితే తాగకూడదన్నది 2012 నాటి భారత ప్రమాణం. కడిగిన నీళ్లు చెరువులోకి వదలరు, సున్నం కలిపి మడ్డి దించుతారు.

ఖర్చు దగ్గర దీని పోటీ 2014లో ఎన్టీఆర్ సుజల పథకం పెట్టిన ధరతో: 20 లీటర్లకు 2 రూపాయలు. ఇంకో మాట. ఉద్దానంలో ప్రబలిన కిడ్నీ జబ్బుకు కారణం ఫలానా అని ఇంకా తేలలేదు. ఈ ఫిల్టరును దానికి మందని అమ్మేవాళ్లను నమ్మకండి. ముందు మీ బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి.