ట్రాక్టరు సర్వీసింగు ఖర్చును తగ్గించుకొనే పద్ధతులు

దుక్కి, దమ్ము, నూర్పిడి, రవాణా వంటి పనులలో అధిక భాగం నేడు ట్రాక్టరుపైనే ఆధారపడి ఉన్నాయి. ట్రాక్టరు వెల ఒకసారి చెల్లిస్తే తీరిపోతుంది. డీజిలు, సర్వీసింగు, మరమ్మతుల ఖర్చు మాత్రం యంత్రం ఉన్నంత కాలం ఉంటుంది. వీటిలో డీజిలు ధర రైతు చేతిలో లేదు. సర్వీసింగు ఖర్చు చాలావరకు రైతు చేతిలోనే ఉంది. అయితే సర్వీసింగును వాయిదా వేయడం పొదుపు కాదు. ఆయిల్ మార్చకుండా మిగిల్చిన సొమ్ముకు అనేక రెట్లు ఇంజను బోరుకు వచ్చినప్పుడు ఖర్చవుతుంది. దమ్ము రోజులలో ట్రాక్టరు ఆగిపోతే నారు ముదిరి దిగుబడి కూడా తగ్గుతుంది. కాబట్టి ఏ పని ఎప్పుడు చేయించాలి, ఏది స్వయంగా చేసుకోవచ్చు, ఎక్కడ పొదుపు చేయకూడదు అన్న విషయాలు రైతులు తెలుసుకోవాలి.

గంటల లెక్క పాటించాలి

ట్రాక్టరు సర్వీసింగుకు నెలలు కాక, మీటరుపై కనిపించే పనిగంటలు ప్రమాణం. ఇంజను ఆయిల్ మార్చవలసిన వ్యవధి మోడలును బట్టి మారుతుంది. దానిని ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. ఉదాహరణకు, పుస్తకం ప్రకారం 250 గంటలకు మార్చవలసిన ఆయిల్‌ను పాత అలవాటు కొద్దీ 125 గంటలకే మారుస్తున్నారనుకుందాం. ఏడాదికి 500 గంటలు నడిచే ట్రాక్టరుకు రెండు సార్లకు బదులు నాలుగు సార్లు మార్చవలసి వస్తుంది. ఒక్కసారికి 8 లీటర్ల ఆయిల్ లీటరు రూ.350 చొప్పున, ఫిల్టరు రూ.400గా లెక్కిస్తే రూ.3,200 అవుతుంది. అంటే ఏడాదికి రూ.6,400 అదనపు ఖర్చు. (ఈ ధరలు లెక్క వివరించడానికి మాత్రమే.)

పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిల్ వాడినప్పుడే ఈ వ్యవధి వర్తిస్తుంది. తక్కువగా నడిచే ట్రాక్టరుకు గంటలు పూర్తికాకపోయినా ఏడాదికి ఒకసారి ఆయిల్ మార్చడం మంచిది.

రైతు స్వయంగా చేసుకోదగిన పనులు

ప్రతిరోజు (8-10 గంటలకు):
• సమతలంపై నిలిపి, ఇంజను ఆపిన కొంతసేపటికి డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూడాలి.
• ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి నీటి మట్టం సరిచూడాలి.
• ఆయిల్ బాత్ రకం ఎయిర్ క్లీనరులో ఆయిల్ మట్టం, మురికి గమనించాలి.
• పని ముగిసిన తరువాత సాయంత్రమే డీజిలు ట్యాంకు నింపాలి. ట్యాంకు ఖాళీగా ఉంటే రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ నీరుగా మారి డీజిలులో కలుస్తుంది.

వారానికొకసారి (సుమారు 50 గంటలకు):
• గ్రీజు నిపుల్స్‌ను తుడిచి గ్రీజు పట్టించాలి.
• ఫ్యాన్ బెల్టు బిగువు, టైర్లలో గాలి చూడాలి.
• బ్యాటరీలో ప్లేట్లు మునిగేటట్లు డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి.
• డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని, మడ్డిని వదిలివేయాలి.

ఈ పనులకు స్పానర్ల సెట్టు, గ్రీజు గన్ను చాలు. వీటి కోసం మెకానిక్‌ను పిలవనవసరం లేదు.

పొదుపు చేయకూడని చోట్లు

ఎయిర్ క్లీనరు: ఇంజను అరుగుదలకు దుమ్ము ముఖ్య కారణం. వేసవి దుక్కులలోను, నూర్పిడిలోను దీనిని మరింత తరచుగా శుభ్రం చేయాలి. పొడి రకం కాగితపు ఫిల్టరును టైరుకు కొట్టి దులిపితే కాగితం చిరిగి దుమ్ము నేరుగా సిలిండరులోకి పోతుంది. తక్కువ పీడనంతో లోపలి నుండి బయటకు గాలి కొట్టాలి. డీజిలుతో కడగరాదు.

ఆయిల్, ఫిల్టర్లు: పేరు లేని చౌక రకాలను వాడరాదు. ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టరును కూడా మార్చాలి. లేనిచో పాత మురికి కొత్త ఆయిల్‌లో కలుస్తుంది.

మొదటి సర్వీసు: కొత్త ఇంజనులో భాగాలు ఒరుసుకొని లోహపు పొడి ఆయిల్‌లో చేరుతుంది. అందువల్ల మొదటి ఆయిల్ మార్పును ఆలస్యం చేయరాదు. వారంటీ కాలంలో సర్వీసులను అధీకృత కేంద్రంలోనే చేయించి పుస్తకంలో నమోదు చేయించుకోవాలి.

దమ్ము తరువాత

కేజ్ వీల్స్‌తో దమ్ము చేసిన ట్రాక్టరును బాగా కడిగి, ముందు చక్రాల హబ్బులకు, ఇతర గ్రీజు పాయింట్లకు గ్రీజు పట్టించాలి. గేరుబాక్సు ఆయిల్ పాలవలె తెల్లగా మారితే సీళ్ల గుండా నీరు చేరినట్లు గుర్తించి, వెంటనే సీలు, ఆయిల్ మార్పించాలి. ఈ దశలో సీలుతో పోయే ఖర్చు, ఆలస్యమైతే బేరింగులు, గేర్ల వరకు పెరుగుతుంది.

బిల్లు విషయంలో జాగ్రత్తలు

• పెద్ద సర్వీసును సీజను ముందు, పనులు లేని రోజులలో చేయించాలి. సీజను మధ్యలో బేరమాడే వీలు గాని, వేచి ఉండే వ్యవధి గాని ఉండదు.
• చేయవలసిన పనులను ముందే రాసి ఇచ్చి, అంచనా తీసుకోవాలి. అదనపు పని ఏదైనా అడిగిన తరువాతే చేయమని చెప్పాలి.
• మార్చిన పాత భాగాలను అడిగి చూడాలి.
• తేదీ, మీటరు గంటలు, చేసిన పని, ఖర్చు ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఏ భాగం తరచుగా పాడవుతున్నదో దీనివల్ల తెలుస్తుంది. ట్రాక్టరు అమ్మేటప్పుడు కొనేవారికి నమ్మకం కలుగుతుంది.
• తీసివేసిన ఆయిల్‌ను పొలంలో, కాలువలో పారబోయరాదు.

ట్రాక్టరు నిర్వహణలో శిక్షణ పొందదలచిన రైతులు, యువకులు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థను గాని, సమీప కృషి విజ్ఞాన కేంద్రాన్ని గాని సంప్రదించవచ్చు. రోజుకు పది నిమిషాల పరిశీలన, గంటల ప్రకారం సర్వీసింగు, ఒక నోటు పుస్తకం, ఈ మూడింటిని పాటిస్తే అనవసరపు ఖర్చు తగ్గి, ట్రాక్టరు అదనుకు అందుబాటులో ఉంటుంది.