అడవిలో విడిది – చెట్టు కొమ్మ

అడవిలో రాత్రి గడపవలసి వచ్చిన మనిషికి చెట్టుతో మూడు అవసరములు కలుగును. గుడారమునకు గుంజ కావలెను, పొయ్యికి పుల్ల కావలెను, వెంట జీవాలున్నచో వాటి నోటికి ఆకు కావలెను. కత్తి చేతిలో నున్నది, చెట్టు ఎదుట నున్నది, అడుగువారెవరును లేరు. ఇట్టి చోట ఎంతవరకు నరుకుట న్యాయము, ఎచట చేయి ఆపవలెను అను విషయమును పంచాయతీ సభ్యులతో కొంత ముచ్చటింపదలచితిమి. 1950లో కేంద్రమంత్రిగా నుండిన కె. ఎం. మున్షీగారు వన మహోత్సవమును ఆరంభించిన నాటి నుండి మొక్కలు నాటుటను గూర్చి ఏటేట వినుచునే యున్నాము. నిలిచియున్న చెట్టు కొమ్మను గూర్చి వినునది తక్కువ.

మన ప్రాంతములలో అడవిని విడిదిగా చేసికొనువారు ముఖ్యముగా యాత్రికులును, కాపరులును. ఉగాది పండుగకు కర్ణాటకము నుండి వచ్చు భక్తులు ఆత్మకూరు దాటి వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, కైలాసద్వారము మీదుగా నల్లమలలో కాలినడకన శ్రీశైలము చేరుదురు. రెండేండ్ల కొకసారి మాఘ పౌర్ణమి దినములలో జరుగు మేడారము జాతరకు లక్షలకొలది జనము వచ్చి తాడ్వాయి అడవులలో గుడారములు వేసికొందురు. పంటలు ఇంటికి చేరిన పిమ్మట మెట్టప్రాంతముల గొఱ్ఱెల కాపరులు మందలను తోలుకొని నీరు, మేత కలచోట్లకు సాగుదురు. ఇటీవల సెలవు దినములలో వినోదార్థము అడవికి పోవు పట్టణ యువకులును బయలుదేరినారు. వీరందరిని ఒకే గాటను కట్టుట సరికాదని మా అభిప్రాయము. వినోదమునకు వచ్చినవాడు గుంజను, గ్యాసు పొయ్యిని ఇంటి నుండి తెచ్చుకొనగలడు. చైత్రమాసపు ఎండలో రెండువందల గొఱ్ఱెలతో నిలిచిన కాపరి ఆకును ఎచటి నుండి తెచ్చును?

కాపరి దోటికి కొడవలి కట్టి కొమ్మలు దించుట అనాదిగా నున్న పని. నారేప, రావి, జువ్వి, మేడి, దిరిశెన మొదలైన చెట్ల ఆకును జీవాలు ఇష్టముగా మేయును. గడ్డి ఎండిపోయినప్పుడు ఈ ఆకే వాటి ప్రాణము. చెట్టు కూడ కొంత కోతను ఓర్చుకొనును, మరల చిగిర్చును. చిక్కు కోతలో లేదు, మితి తప్పుటలో నున్నది.

చెట్టు తన ఆహారమును ఆకులలో తయారుచేసికొనును. అది బెరడు లోపలి పొర ద్వారా క్రిందికి దిగి వేళ్ళలోను, చేవలేని మెత్తని కొయ్యలోను నిలువ చేరును. ఎండకాలములో ఆకు రాల్చిన చెట్టు మరల చిగురించుటకు ఆ నిలువనే ఖర్చు చేయును. రైతు గాదెలోని విత్తనములను తీసి చల్లినట్లే ఇది. క్రొత్త చిగురు పెరిగి, ఖర్చయిన నిలువ మరల నిండకముందే కొమ్మలన్నియు కొట్టివేసినచో చెట్టు రెండవసారి అప్పు చేయవలసివచ్చును. ఒక ఏడు తట్టుకొనును, రెండవ ఏడు ఆకు చిన్నదగును, తరువాత తలనుండి ఎండుట మొదలిడును. కనుక లేత చిగురు వేళ చెట్టును తాకకుండుట మేలు. ఆకు ముదిరిన పిమ్మటనైనను మూడింట ఒక వంతునకు మించి కొట్టరాదు. పైతలను ఎన్నడును తీయరాదు. ఈ ఏడు కొట్టిన చెట్టును మరుసటి ఏడు విడిచిపెట్టవలెను.

కొమ్మను కొట్టు తీరు కూడ నేర్వవలసినదే. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో (1930–2006) అను శాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను నిలువునా కోసి చూచి, మన ఒంటి మీది పుండు మానినట్లు చెట్టు గాయము మానదని తెలిపెను. చెట్టు ఆ చెడిన భాగము చుట్టు లోలోపల గోడ కట్టుకొని, పైన క్రొత్త కొయ్యను పెంచి కప్పివేయును. ఈ గోడ సరిగా లేచుటకు కొమ్మ మొదట ఉంగరమువలె ఉబ్బెత్తుగా నుండు భాగము చెక్కుచెదరకుండవలెను. మ్రానుకు అంటునట్లు నున్నగా చెక్కినచో ఆ ఉంగరము పోవును; మూరెడు మోడు వదలినచో అది ఎండి, పుచ్చి, పుచ్చు మ్రానులోనికి దిగును. ఉంగరమునకు వెలుపల, దానికి దగ్గరగా, కోయుట సరియైన పద్ధతి. బరువైన కొమ్మను ముందుగా అడుగుభాగమున కొంచెము గంటు పెట్టి పిదప పైనుండి కోసినచో బెరడు చీలి వ్రేలాడదు. బొటనవ్రేలి లావు కొమ్మ గాయము త్వరగా మూసికొనును. తొడ లావు కొమ్మ గాయమునకు ఏండ్లు పట్టును. మేకకు కావలసినది ఆకు గదా. ఆకు సన్నకొమ్మలకే యుండును. గొడ్డలి ఇంటివద్ద విడిచి కొడవలితో వచ్చిన కాపరి సగము న్యాయము తెలిసినవాడే.

యాత్రికుని సంగతి వేరు. అతడు ఒక్క కొమ్మనే విరచును, అందువలన తాను చేసినది తప్పని అతనికి తోచదు. కాని వెనుక వేయి బిడారములు అదే నీటివద్ద, అదే చెట్ల క్రింద దిగును. గుడారమునకు నిటారైన గుంజ కావలెనని అతడు వెదకి నరుకునది చాలవరకు లేత టేకు, లేత మద్ది. కొమ్మ కొట్టిన చెట్టుకు కొమ్మయే పోవును. లేతమ్రానును గుంజకై నరికినచో రేపటి చెట్టే పోవును. ఒక రాత్రి నీడకు ఇది మిక్కిలి హెచ్చు వెల.

ఎండుకట్టె మాటేమని అడుగవచ్చును. నేల రాలి, చేతితో విరుగు పుల్లలు వంటకు చాలును. నిలిచియుండి ఎండిన చెట్టును మాత్రము పనికిరానిదని తలచి పడగొట్టరాదు. దాని తొఱ్ఱలలో చిలుకలు, గోరువంకలు, పైడికంటెలు కాపురముండును. పొయ్యిని చెట్టు మొదట పెట్టుట మరియొక పొరపాటు. సెగకు బెరడు లోపలి పొర ఉడికి చచ్చిన సంగతి ఆ రాత్రి తెలియదు.

ఇక చట్టము. రిజర్వు అడవిలో కొమ్మలు కొట్టుట, బెరడు ఒలుచుట 1967 నాటి అటవీ చట్టము క్రింద నేరము. అభయారణ్యములలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఇంకను కఠినమైనది. నల్లమలలో శ్రీశైలము త్రోవ పెద్దపులుల రక్షితప్రాంతములోను, మేడారము ఏటూరునాగారము అభయారణ్య ప్రాంతములోను నున్నవని మరువరాదు. మరియొక వైపున 2006 నాటి అటవీ హక్కుల చట్టము పశువుల మేతను, సంచార కాపరుల ఋతువారీ రాకపోకలను సామూహిక హక్కులుగా గుర్తించినది; ఆ హక్కులు పొందిన చోట అడవిని కాపాడు అధికారమును గ్రామసభకే ఇచ్చినది. హక్కు, కాపుదల ఒకే చట్టములో పక్కపక్కనే యుండుట గమనింపదగినది.

గ్రామములలో వినవచ్చు తగవు ఇట్లుండును. “మా చెట్లను మోడులు చేసి పోవుచున్నారు” అని ఊరివారు. “మేము విడిచినను వెనుక వచ్చు మంద విడువదు, మేమేల విడువవలెను?” అని కాపరులు. రెండవ మాటను కొట్టివేయరాదు. తాను మిగిల్చిన కొమ్మ మిగులునను నమ్మకము లేనిచో ఏ మంచివాడును మిగిల్చడు. ఆ నమ్మకమును కలిగింపగలది పంచాయతీ ఒక్కటే. ఒక్కొక్క మందకు ఊరి పోరంబోకులోని ఒక్కొక్క చెట్ల వరుసను చూపి, ఒకరి వరుసను మరియొకరు తాకకుండ మాట తీసికొనినచో తగవు చాలవరకు తగ్గును. మంద ఎరువు కొరకు కాపరులను పొలములలో నిలుపుకొను రైతులు గట్ల మీద అవిశ, సుబాబుల్ పెంచి ఆ ఆకును ఇచ్చుట ఇరువురకును లాభము. ఎరువుకు వెలయిచ్చు రైతు మేతను గూర్చి అడుగకుండుట మాకు వింతగా తోచును. యాత్రికుల త్రోవలో నున్న పంచాయతీలు విడిదివద్ద వెదురు గుంజలను అద్దెకు, సరుగుడు కట్టెను సరసమైన వెలకు ఉంచవచ్చును.

కాపరుల చేతి గొడ్డలి లాగికొనుట, రాత్రివేళ మందను చెదరగొట్టుట వంటివి కొన్నిచోట్ల జరుగుచుండుట మిక్కిలి విచారకరము. ఏ చెట్లను తాకరాదు, ఏ నీటివద్ద దిగవచ్చును, ఎవరిని అడుగవలెను అను మూడు సంగతులను గ్రామసభలో తీర్మానించి, అటవీ ఉద్యోగులకు తెలిపి, కాపరుల పెద్దలకు చదివి వినిపింపవలెను. ఈ పని మాఘమాసమునకు ముందే ముగించుట మంచిది. మందలు దిగిన పిమ్మట కాగితము చదువుటకు ఎవరికిని తీరిక యుండదు.