నెట్ రావడం లేదా? ముందు తీగ చూడండి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కథ రాయాలా, కవిత రాయాలా అని ఆలోచించాం. హాస్టల్లో ఉండి నేర్చుకున్నవాటిలో తమ్ముళ్లకు రేపు పొద్దున్నే పనికొచ్చేది ఏమిటని చూసుకుంటే ఈ నెట్ సంగతే కనిపించింది. ఇది చిన్న విషయం అనిపించవచ్చు. మాకు ఎందుకు చిన్నది కాదో ముందు చెబుతాం.

మేము డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా మా గదిలోని మిత్రుడు ఒక ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు పెట్టాల్సి ఉంది. ఆ రోజు రాత్రి పన్నెండుతో గడువు ముగుస్తుంది. సాయంత్రం ఏడింటికి స్టడీ రూములో నెట్ ఆగిపోయింది. ఫోటో, సంతకం, స్కాన్ చేసిన సర్టిఫికెట్లు అన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. మా ఫోన్లలో రీఛార్జి అయిపోయింది. బాగు చేసే మనిషికి ఫోన్ చేస్తే రేపు వస్తానన్నాడు. మేము ఆ కంప్యూటర్ ముందు కూర్చుని ఎదురుచూశాం. నెట్ సెంటర్ గుర్తొచ్చి పరిగెత్తేసరికి షట్టరు దించేశారు.

మనిషి నాలుగో రోజున వచ్చాడు. కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టి తీగ లాగి చూపించాడు. కనెక్టర్‌కు ఉండే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు విరిగిపోయి, తీగ సగం బయటికి వచ్చి ఉంది. చేత్తో లోపలికి నొక్కగానే దీపం వెలిగింది. ఆ రాత్రి అయిదు గంటలసేపు మేము దాని ముందే కూర్చున్నాం. ఒక్కరమూ వెనక్కి చూడలేదు.

ఎందుకు చూడలేదు? తెలివి లేక కాదు, భయం వల్ల. మా ఇళ్ళల్లో కంప్యూటర్ ముట్టుకున్న మొదటివాళ్ళం మేమే. ముట్టుకుంటే పాడవుతుందేమో, పాడైతే డబ్బు ఎవరు కడతారు అన్న భయం. ఆ భయం పోవడానికే ఈ పాఠం.

సగం దగ్గర ఆగి చూడు

స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరుగా పనిచేసే మా చిన్నాన్నకు ఈ సంగతి చెబితే ఆయన అన్న మాట ఇది: "లైను పొడుగ్గా ఉంటే ఎక్కడ పోయిందోనని గాబరా పడకూడదురా. సగం దగ్గర ఆగి సూడు. అక్కడిదాకా వస్తందా, లేదా? వస్తే తప్పు ఇవతలుంది. రాకపోతే అవతలుంది." ఆయనకు కంప్యూటర్ తెలియదు. కానీ ఈ పాఠమంతా ఆ మాటలోనే ఉంది.

మన నెట్ ఎలా వస్తుందో చూద్దాం. వీధి స్తంభం మీద నుంచి సన్నని ఫైబర్ తీగ వస్తుంది. దానిలో ప్రయాణించేది వెలుగు. అది ఆఫీసు గదిలోని పెట్టెలోకి వెళ్తుంది. ఆ పెట్టె వెలుగును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. అక్కడి నుంచి లాన్ తీగ స్టడీ రూములోని స్విచ్‌కు, స్విచ్ నుంచి ఒక్కొక్క తీగ ఒక్కొక్క కంప్యూటర్‌కు వెళ్తాయి. ఇక్కడ స్విచ్ అంటే లైటు వేసే స్విచ్ కాదు, తీగలన్నీ గుచ్చే చిన్న పెట్టె.

మొదటి మెట్టు: దీపాలు చూడండి

నెట్ ఒక్క కంప్యూటర్‌కే రావడం లేదా, అన్నిటికీనా? ఒక్కదానికే అయితే తప్పు ఆ కంప్యూటర్‌లోనో, దాని తీగలోనో ఉంటుంది. అన్నిటికీ అయితే వార్డెన్ గారి అనుమతి తీసుకుని ఆఫీసు గదిలోని పెట్టె చూడండి. పీఓఎన్ అని రాసిన దీపం పచ్చగా నిలకడగా ఉంటే బయటి నుంచి వెలుగు వస్తోందని అర్థం. ఎల్ఓఎస్ అన్న దగ్గర ఎర్రగా ఉంటే వెలుగు రావడం లేదు. అప్పుడు తప్పు ఎక్కువగా బయటే ఉంటుంది, ఫిర్యాదు చేయవలసిందే. ఫైబర్ తీగను గట్టిగా వంచకండి. ఊడదీసి దాని కొనలోకి కళ్ళు పెట్టి చూడకండి. ఆ వెలుగు కంటికి కనిపించదు గానీ చెరుపు చేయగలదు.

తరువాత స్విచ్ చూడండి. తీగ గుచ్చిన ప్రతి రంధ్రం దగ్గర చిన్న దీపం ఉంటుంది. అవతలి కంప్యూటర్ ఆన్ చేసి ఉన్నా ఇక్కడ దీపం లేకపోతే సంకేతం చేరడం లేదన్నమాట.

రెండో మెట్టు: తీగ చూడండి

తీగను రెండు చివరలా తీసి మళ్ళీ గుచ్చండి. టిక్కుమని చప్పుడు రావాలి. రాకపోతే క్లిప్పు విరిగినట్టే. అయినా దీపం వెలగకపోతే, పనిచేస్తున్న పక్క కంప్యూటర్ తీగను దీనికి పెట్టండి. వెలిగితే పాత తీగ చెడింది. వెలగకపోతే స్విచ్‌లో రంధ్రం మార్చండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడూ కలిపి మార్చేస్తే నెట్ వచ్చినా ఏది చెడిందో తెలియదు.

మన ఊరికి ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. సముద్రపు ఉప్పుగాలి. కిటికీ పక్కనున్న కనెక్టర్ లోపలి లోహపు పలకలు పచ్చగా చిలుం పడతాయి. నెట్ కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది. అలాంటి కొనను కోసి కొత్త కనెక్టర్ వేయడమే మంచిది. కనెక్టర్ ఖరీదు ఒక టీ ఖరీదు దగ్గర్లోనే ఉంటుంది.

తీగలో 8 సన్నని తీగలు, 4 జతలుగా మెలివేసి ఉంటాయి. క్లిప్పు కిందవైపు, తీగ దూరే రంధ్రం మనవైపు ఉండేలా కనెక్టర్ పట్టుకుంటే ఎడమ నుంచి వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివరలా ఇదే వరస. నీలం, ఆకుపచ్చల మధ్యనే అందరూ పొరబడతారు. ఒక్క లాన్ తీగ మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు.

ఇకపోతే మిగిలిపోయిన తీగ రెండు కొనలనూ ఒకే స్విచ్‌లో గుచ్చకండి. మామూలు స్విచ్‌లో అలా చేస్తే సంకేతం గిరగిరా తిరుగుతూ అందరి నెట్టూ ఆగిపోతుంది. సర్దినట్టుంటుందని ఒకసారి మేమే ఆ పని చేసి, పూటంతా కారణం వెతికాం.

మూడో మెట్టు: చిరునామా చూడండి

దీపం వెలిగినా నెట్ రాకపోతే కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిషు అక్షరాల్లో ఐ, పి, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి అని కొట్టండి. మెస్సులో ప్రతివాడికీ కార్డు నంబరు ఉన్నట్టే ప్రతి కంప్యూటర్‌కూ ఒక ఐపీ నంబరు ఉంటుంది. దాన్ని మామూలుగా ఆఫీసులోని పెట్టె ఇస్తుంది. ఆ నంబరు 169.254 తో మొదలైతే, పెట్టె నుంచి నంబరు అందక కంప్యూటర్ తనంతట తానే ఒకటి పెట్టుకుందని అర్థం. తీగ తీసి పెట్టండి, కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేయండి. అన్ని కంప్యూటర్లకూ ఇలాగే ఉంటే, స్విచ్ నుంచి పెట్టెకు వెళ్ళే తీగ కూడా చూసి, వార్డెన్ గారికి చెప్పి పెట్టెను ఆపి, నిమిషం ఆగి మళ్ళీ వేయండి. ఎవరైనా సొంత వైఫై రౌటర్ తెచ్చి స్విచ్‌కు తగిలించారేమో కూడా అడగండి. అది తప్పుడు నంబర్లు పంచి అందరినీ తిప్పలు పెట్టగలదు.

నాలుగో మెట్టు: పిలిచి చూడండి

ఐపీ నంబరు కిందనే గేట్‌వే అని మరో నంబరు కనిపిస్తుంది. అది పెట్టె చిరునామా. పి, ఐ, ఎన్, జి అని కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు కొట్టండి. జవాబు వస్తే హాస్టల్ లోపల అంతా బాగుంది. తరువాత అలాగే 8.8.8.8 ను పిలవండి. గేట్‌వే పలికి ఇది పలకకపోతే తప్పు పెట్టెలోనో, బయటో ఉంది. ఇదీ పలికి వెబ్‌సైటు పేర్లు మాత్రం తెరుచుకోకపోతే, పేరును నంబరుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర చిక్కు.

అన్నీ బాగుండి, ప్రతి వెబ్‌సైటూ భద్రత లేదని హెచ్చరిస్తుంటే కంప్యూటర్‌లో తేదీ చూడండి. పాత కంప్యూటర్లలో లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. తేదీ సరిచేస్తే సరిపోతుంది.

ఫిర్యాదు చేసే పద్ధతి

"నెట్ రావట్లేదు సార్" అంటే రేపు చూద్దాం అంటారు. "సాయంత్రం 6.40 నుంచి ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది, లోపలి తీగలు చూశాం" అని చెప్పండి. చూసి చెప్పేవాడి మాటకు విలువ ఉంటుంది. ఫిర్యాదు నంబరు రాసుకోండి.

జాగ్రత్తలు కూడా మనవి చేస్తున్నాం. ఎంత తెలిసినా స్తంభం ఎక్కకండి, కరెంటు తీగల జోలికి పోకండి. ఉరుములప్పుడు, తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ప్లగ్గులు తీసేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేము చిన్నపిల్లలం. స్తంభాలు ఒరిగిపోయి, కరెంటూ ఫోన్లూ లేక ఊరంతా ఎలా ఉందో ఇంకా గుర్తుంది. అలాంటిది వస్తే ఏ క్రింపింగ్ టూలూ పనిచేయదు. అందుకే దరఖాస్తు ఏదైనా చివరి రోజుకు ఉంచకండి. సర్టిఫికెట్ల కాపీలు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

చివరిగా

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో అయిదేళ్ళలో సుమారు 1,500 కోట్ల డాలర్లతో పెద్ద డేటా కేంద్రం పెడతామని, సముద్రం అడుగున వచ్చే అంతర్జాతీయ కేబుళ్ళను ఇక్కడి తీరానికి చేరుస్తామని ప్రకటించింది. మంచిదే. కానీ సముద్రాలు దాటి వచ్చిన సంకేతం కూడా మన బల్ల వెనక విరిగిన క్లిప్పు దగ్గర ఆగిపోతుంది. ఆ ఆఖరి మూడు మీటర్లు చూసుకోవలసింది మనమే.

ఆ సంఘటన తరువాత గదిలో అందరం డబ్బులు వేసుకుని క్రింపింగ్ టూలు కొన్నాం. మొదటి మూడు కనెక్టర్లు పాడుచేశాం. నాలుగోది పెట్టగానే స్విచ్ మీద దీపం వెలిగింది. ఆ రాత్రి మాకు పరీక్ష పాసైనంత ఆనందం కలిగింది. ఆ పరీక్ష మళ్ళీ పడేదాకా ఆ మిత్రుడు ఏడాది ఆగాడు. ఈసారి గడువుకు పది రోజుల ముందే దరఖాస్తు పెట్టాడు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. హాస్టల్‌కు ఏమివ్వాలని అడుగుతుంటారు కదా, ఒక లాన్ టెస్టరు, ఒక పెట్టె కనెక్టర్లు ఇవ్వండి. తమ్ముళ్లకు ఒక మాట. స్విచ్ పక్కన ఒక నోటు పుస్తకం కట్టి ఉంచండి. ఏ రోజు ఏమి చెడింది, ఏమి చేస్తే బాగయింది, రాయండి. మన తరువాత వచ్చేవాడు మనలాగే భయపడుతూ వస్తాడు. వాడికి ఆ పుస్తకమే అన్న.