బెజవాడ నుంచి నల్లమల కాలిబాటకు: బృందంగా నడిచేవారు చేయవలసినవి, చేయకూడనివి

మాఘమాసం సగం దాటేసరికి బెజవాడ, గుడివాడ, తెనాలి, బందరు వైపు నుంచి శ్రీశైలానికి నడిచి వెళ్ళే బృందాలు తయారవుతాయి. ఆత్మకూరు దాకా బండ్లలో వెళ్ళి, ఆ పక్కనే ఉన్న వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా మల్లన్న గుడికి చేరే బాట ఇది. 40 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. శివరాత్రికి మనవాళ్ళు, ఉగాదికి కర్ణాటక భక్తులు ఎక్కువగా నడుస్తారు. ఇంత పాత బాటే కదా, ఇంతమంది నడుస్తున్నారు కదా అనే ధీమాతో చాలామంది ఏ సన్నాహమూ లేకుండా బయల్దేరతారు. నా మటుకు నేను గమనించింది ఒక్కటే: ఈ దారిలో మనిషి ఇబ్బందుల్లో పడేది పులి వల్లో పాము వల్లో కాదు, తన గుంపు నుంచి విడిపోయినప్పుడు.

బయల్దేరడానికి నెల ముందు

మనది చదును నేల. ఏలూరు కాలువ గట్టు మీదో బందరు కాలువ గట్టు మీదో పది కిలోమీటర్లు అవలీలగా నడిచేవారికి కూడా నల్లమల దిగుడు కొత్తే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే తగ్గిపోతుంది. దిగేటప్పుడు అలా కాదు. ఒళ్ళు బరువంతా తొడ కండరాలూ మోకాళ్ళూ ఆపుకుంటూ రావాలి. గంట గడిచేసరికి కాళ్ళు వణకడం మొదలెడతాయి, అడుగు ఎక్కడ పడుతుందో మన చేతుల్లో ఉండదు. అందుకని కనీసం నాలుగు వారాలు మంగళగిరి మెట్లో, ఇంద్రకీలాద్రి మెట్లో, కొండపల్లి కోట దారో ఎక్కి దిగండి. పైకి నడిచి కిందికి ఆటోలో వస్తే సాధన సగం కూడా జరిగినట్టు కాదు. అడవిలో మోయబోయే సంచినే, అంతే బరువుతో, వీపున వేసుకుని దిగండి. బూట్లు కొంటే నెల ముందే కొని కాలికి అలవాటు చేసుకోండి. కొత్త జోడుతో నాగలూటి చేరేలోపే మడమ బొబ్బలెక్కుతుంది.

శివమాల వేసుకున్నవారు చాలామంది వట్టికాళ్ళతో నడుస్తారు. దీక్ష వారి ఇష్టం. అయితే వట్టికాళ్ళ నడక కూడా ఇంటి దగ్గర అలవాటు చేసుకోవలసినదే. సంచిలో ఒక జత చెప్పులు ఉంచుకోండి. అరికాలు తెగాక కూడా మొండిగా నడవమని మల్లన్న అడగలేదు.

బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరుకు చూపించుకుని రావాలి. ఏ మందులు వాడుతున్నారో కాగితం మీద రాసి బృందంలో ఇంకొకరికి ఇవ్వాలి. షుగరు మాత్ర వేసుకుని ఉపవాసంతో నడవడం చాలా ప్రమాదం. శివరాత్రి ఉపవాసం చేయదలచినవారు నడక ముగించి శ్రీశైలం చేరాక మొదలుపెట్టుకోవడం మంచిది. బాటలో ఉన్నన్నాళ్ళు అటుకులు, వేరుశనగ ఉండలు, అరటిపండ్లు, ఏదో ఒకటి రెండు గంటలకోసారి తినాలి. పెరుగన్నం కట్టుకుంటే తెల్లవారి మొదటి మజిలీలోనే ముగించండి. ఎండ ముదిరాక అది పనికిరాదు.

గుంపు కట్టే పద్ధతి

పది పన్నెండు మందికి మించితే రెండు బృందాలు చేయండి. ముందు ఒకరు, వెనక ఒకరు, ఇద్దరూ దారి తెలిసినవారై ఉండాలి. సాధారణంగా గురుస్వామి ముందు నడుస్తారు. వెనక ఎవరు ఉంటారన్నది ఎవరూ పట్టించుకోరు. అసలు బరువైన బాధ్యత ఆ వెనక స్వామిదే. ఆయన్ను దాటి ఎవరూ వెనకబడకూడదు, ముందున్నవారు ఆయన కనబడేదాకా మలుపు తిరగకూడదు. ప్రతి మజిలీలో పేరుపేరునా పిలిచి లెక్క చూసుకోవాలి. "అందరూ వచ్చేసినట్టే" అనే మాట లెక్క కాదు.

ఒకసారి భీముని కొలను దిగుడులో, సాయంత్రం ఐదు దాటాక, యాభై ఏళ్ళు పైబడిన ఒకాయన బండ మీద కూర్చుని కనిపించారు. రెండు చేతులతో మోకాళ్ళు అదిమిపట్టుకున్నా అవి వణుకుతూనే ఉన్నాయి. నీళ్ళ సీసా ఖాళీ. టార్చి లైటు వాళ్ళ అన్నయ్యగారి సంచిలో ఉంది, ఆ అన్నయ్యగారు కైలాసద్వారం వైపు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఫోనులో సిగ్నల్ లేదు. ఆయన అడిగింది ఒక్కటే: "మా వాళ్ళు కనబడితే నేనిక్కడ ఉన్నానని చెప్తారా?" అంతమంది మధ్యలో ఆయన ఒంటరి. అందుకే నీళ్ళు, టార్చి, ఈల, తినేది ఇంత, మందులు — ఇవి ఎవరివి వారి దగ్గరే ఉండాలి. సామాన్లు పంచుకుని మోసేటప్పుడు కూడా వీటిని పంచుకోకండి. తప్పిపోతే ఉన్నచోటే ఉండి మూడేసి సార్లు ఈల వేయాలని పిల్లలతో సహా అందరికీ ముందే చెప్పండి.

టార్చి సంగతి ఇంకో మాట. శివరాత్రి బహుళ చతుర్దశి, ఉగాది అమావాస్య మర్నాడు. రెండు పండుగలకూ రాత్రి వెన్నెల ఉండదు. లోయలో మైదానం కంటే ముందే చీకటి పడుతుంది. ఫోను లైటును నమ్ముకోవద్దు.

ఎండ, నీళ్ళు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. పోయిన చలి స్థానంలో వచ్చే ఎండను మాత్రం లెక్కలోకి తీసుకోము. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15న, ఉగాది మార్చి 19న. ఈ నెల తేడాలో ఎండ బాగా ముదురుతుంది, పైగా నల్లమల ఆకు రాల్చే అడవి. చెట్లున్నా నీడ ఉండదు. తెల్లవారుతూనే నడిచి, పదకొండు నుంచి మూడు దాకా ఆగి, మళ్ళీ కాస్త నడిచి, పొద్దు వాలేలోపు మజిలీ చేరాలి.

నడిచే ప్రతి గంటకూ అర లీటరు చొప్పున నీళ్ళు లెక్కేసుకోండి. వట్టి నీళ్ళే తాగుతూ పోతే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు, పిక్కలు పట్టేస్తాయి. ఓఆర్ఎస్ పొట్లాలు తీసుకెళ్ళండి. అవి అయిపోతే లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు తలకొట్టి వేసి కలపండి. చెరువు నీళ్ళు, కొలను నీళ్ళు నేరుగా తాగవద్దు. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా తడిపి విసరాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

అడవిలో చేయకూడనివి

ఇది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. పండుగ రోజుల్లో అటవీశాఖ అనుమతించిన తేదీలు, దారి, వేళలు దాటవద్దు. అడ్డదారి చూపిస్తామన్నవారి వెంట వెళ్ళవద్దు.

నిప్పు రాజేయవద్దు, బీడీ సిగరెట్టు కాల్చవద్దు. మోదుగ పూసే ఈ రోజుల్లో నేలంతా ఎండుటాకే. గాలికి మంట గుంపు కంటే వేగంగా వస్తుంది.

ఇప్పచెట్టు కింద మజిలీ చేయవద్దు. పూలు రాలే కాలంలో తెల్లవారుజామున, మునిమాపున ఎలుగుబంట్లు అక్కడికే వస్తాయి. తేనెపట్టు ఉన్న బండల దగ్గర ధూపం, అగరుబత్తి, టపాసులు వద్దు. ఈగలు లేస్తే తువ్వాలుతో ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తడమే, చేతులు విసరవద్దు.

రాలిన ఆకుల్లో రక్తపింజర కలిసిపోతుంది. కర్రతో ముందు తట్టి అడుగేయండి, చీకట్లో పుల్లలు ఏరవద్దు. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం, పసరు పోయడం ఏదీ వద్దు. ఉంగరాలు, కడియాలు తీసి, కాటు పడిన కాలికి బద్దకట్టి కదలకుండా చేసి, దుప్పటి డోలీలో మోసుకుపోండి. సిగ్నల్ దొరికిన చోట 108కి చెప్పండి. పామును చంపి తేనక్కర్లేదు. మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు నాగు, కట్ల, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. దాన్ని ఆసుపత్రిలోనే ఎక్కించాలి.

పెచ్చెరువు చెంచు గూడెంలోకి వెళ్ళినప్పుడు మనం వారి వాకిట్లో ఉన్నామని గుర్తుంచుకుని మెలగండి. దారి గురించి వాళ్ళు వద్దన్నది చేయవద్దు. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు తెచ్చినవన్నీ తిరిగి తీసుకెళ్ళాలి.

తిరుగు ప్రయాణం

దీని గురించి బృందాల్లో ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం అన్నిటికంటే భయం దీనికే. రెండు మూడు రోజులు నడిచి, ఆపై జాగరణ చేసి, తెల్లారగానే స్టీరింగు పట్టుకుని దోర్నాల ఘాట్ దిగడం. నడిచినవారు బండి నడపకూడదు. నడవని డ్రైవరును ముందే మాట్లాడుకోండి, ఆయన్ను జాగరణకు లాగకుండా పడుకోనివ్వండి. లేదంటే ఆర్టీసీ బస్సెక్కి మార్కాపురం, వినుకొండ, గుంటూరు మీదుగా నిద్రపోతూ రండి. ఇంటికి వచ్చాక రెండు రోజుల్లో మూత్రం ముదురు గోధుమరంగులో వస్తున్నా, పిక్క ఒకటే వాచి నొప్పి పెడుతున్నా, జ్వరం వచ్చినా అలసటేలే అనుకోకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఎంత దూరం నడిచారో చెప్పండి.