ఆటబండి: తేలిక, పట్టు, బలము

త్రిపురాంతకమను మన గ్రామనామమునకు మూలమైన పురాణకథలో నొక రథము గలదు. అందు భూమియే రథమనియు, సూర్యచంద్రులే చక్రములనియు కథకులు చెప్పుదురు. కథలోని రథము మాట యెట్లున్నను, నేలమీద నడచు బండి చిన్నదైనను పెద్దదైనను మూడు ప్రశ్నలకు లోబడియే యుండును. దాని బరువెంత? మలుపులో నది త్రోవను విడువక నడచునా? దానిని నడుపు బలమెంత? నేటి బాలురు మిక్కిలి మక్కువతో చూచు నాలుగు చక్రముల ఆటబండిని, అనగా క్వాడ్ బైకును, ఈ మూడు ప్రశ్నలతో పరీక్షింతము.

ఈ బండి పుట్టుక జపాను దేశమువారిది. 1970లో హోండావారు ఉబ్బెత్తు టైరులు గల మూడుచక్రముల బండిని అమెరికాలో నమ్మిరి. 1982లో సుజుకివారు నాలుగుచక్రముల బండిని వెలువరించిరి. 1985లో వారే పందెములకు తగిన వేగవంతమైన బండిని చేసిరి. మూడుచక్రముల బండ్లు తఱచుగా బోర్లపడి ప్రాణనష్టము కలిగించుటచే, 1988లో అమెరికా ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడికనుబట్టి వాని అమ్మకము నిలిచిపోయెను. ఒక్క చక్రము తక్కువయగుటచే నెంత కీడు మూడినదో విద్యార్థులు గమనింపవలెను.

1. తేలిక

పందెపు క్వాడ్ బైకు సుమారు 160 కిలోగ్రాముల బరువును, 40 గుర్రముల బలమును గలది యనుకొందము. ఎక్కినవాని బరువు 70 కిలోగ్రాములు చేర్చిన మొత్తము 230 అగును. ఇందుండి 10 కిలోగ్రాములు తగ్గించినచో 220 మిగులును. ఇప్పుడు 40 గుర్రముల బలము, మునుపటి బరువుపై దాదాపు 42 గుర్రముల బలము చేయు పనిని చేయును. యంత్రమును ముట్టకయే రెండు గుర్రములను సంపాదించితిమన్నమాట. పైగా, తగ్గిన బరువు ఆపునప్పుడును, మలుపునప్పుడును గూడ మేలు చేయును. పెరిగిన బలము పరుగునకు మాత్రమే పనికివచ్చును.

బరువును ఎచ్చట తగ్గించుటయనునది రెండవ విచారము. చక్రము, టైరు మొదలగునవి స్ప్రింగులకు దిగువ నుండును. గుంట తగిలినప్పుడు ఎగిరిపడునవి అవియే. ఇవి తేలికయైనచో చక్రము వెంటనే నేలనంటుకొనును. కావున ఉక్కు చక్రములకు బదులు అల్యూమినియపు చక్రములు వేయుదురు. ఉక్కు పొగగొట్టమును తీసి తేలికలోహపు గొట్టమును తగిలింతురు. అయితే చట్రమును కోయుట, దానికి రంధ్రములు పొడుచుట తగదు. ఇరుసు సన్నగిల్లిన ఎద్దుబండి సంతకు పోవునప్పుడు బాగుగనే యుండును. బరువుతో తిరిగివచ్చునప్పుడు విఱుగును.

2. పట్టు

జొన్నచొప్పను ఎత్తుగా వేసిన బండి పొలముగట్టు ఎక్కునప్పుడు ఒరుగుట మనము చూచుచునే యున్నాము. అదే బండిలో పలుగురాళ్లు వేసిన ఒరుగదు. బరువు హెచ్చైనను, దాని గురుత్వకేంద్రము క్రిందనుండుటయే కారణము. క్వాడ్ బైకు విషయమును ఇట్టిదే. బండి వెడల్పులో సగమును గురుత్వకేంద్రపు ఎత్తుచే భాగింపగా వచ్చు అంకె ఎంత పెద్దదైన, బండి అంత నిలుకడ గలదగును.

ఉదాహరణము: రెండుప్రక్కల చక్రముల నడిమి దూరము 100 సెంటీమీటర్లు, మనుష్యునితో కూడిన గురుత్వకేంద్రపు ఎత్తు 60 సెంటీమీటర్లు అనుకొనుడు. 50ని 60చే భాగించిన 0.83 వచ్చును. ముందు చక్రములను మోయు చేతులను పొడిగించి, వెనుక వెడల్పు ఇరుసు వేసి, దూరమును 110 చేసి, స్ప్రింగులను సరిచేసి ఎత్తును 55కు దించినచో, ఆ అంకె సరిగా 1 అగును. పందెపు బండ్లను సుమారు 46 అంగుళముల వెడల్పునుండి 50 అంగుళములకు పెంచుట యిందులకే.

ఇంత శ్రమకు ఫలమెంత? నేల పట్టు బాగుగనున్న చోట, 10 మీటర్ల వ్యాసార్ధము గల మలుపులో మొదటి బండి గంటకు సుమారు 33 కిలోమీటర్ల వేగమున బోర్లపడును. మార్చిన బండి సుమారు 36 కిలోమీటర్ల యొద్ద బోర్లపడును. లాభము మూడు కిలోమీటర్లు మాత్రమే! ఏలయనగా వెలుపలికి త్రోయు బలము వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. వేగము రెండింతలైన ఆ బలము నాలుగింతలగును. ఈ లెక్కను ప్రతి బాలుడును కంఠస్థము చేయదగును.

మఱియొక భేదము గలదు. ఎద్దుబండి చక్రములు దేనికది ఇరుసుపై తిరుగును. పందెపు క్వాడ్ బైకు వెనుకచక్రములు రెండును ఒకే ఇరుసుకు బిగింపబడి కలిసియే తిరుగును. మలుపులో లోపలి చక్రము నడువవలసిన దూరము తక్కువగుటచే అది జాఱక తప్పదు. అందుచే నడుపువాడు దేహమును మలుపు లోపలికి వంచి, వెలుపలి కాలిమెట్టుపై బరువు మోపవలెను. ఇది అభ్యాసముచే వచ్చునుగాని సామానుచే రాదు.

ఇక టైరులు. వీనిలో చదరపు అంగుళమునకు సుమారు 5 పౌన్ల గాలి మాత్రమే యుంచుదురు. మెత్తని టైరు పఱచుకొని గుండ్లకమ్మ యిసుకవంటి నేలలో దిగబడక నడచును. మోటారుసైకిలునకువలె గట్టిగా గాలి కొట్టినచో బండి బంతివలె ఎగురును.

3. బలము

యంత్రము ఊపిరి పీల్చు జీవమువంటిది. ఒక భాగము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 భాగముల గాలి తూకమున కావలెను. గాలిపెట్టెను తెఱచి, పొగగొట్టమును వెడల్పు చేసినచో గాలి హెచ్చుగా వచ్చును. కాని కార్బురేటరులోని పెట్రోలు రంధ్రమును దానికి తగినట్లు మార్చకున్న, మిశ్రమము పలుచనై, యంత్రము మితిమీఱి వేడెక్కి, పిస్టను కరుగును. గాలి జల్లెడను తీసివేయుట అంతకంటె హాని. మార్కాపురపు పలకరాతి గనులచెంతను, నల్లరేగడి బాటలపైనను లేచు దుమ్ము లోపలికి పోయిన, ఆకురాయివలె సిలిండరును అరుగదీయును.

కొందఱు ముందు పండ్లచక్రమును మార్తురు. 14 పండ్లున్న చోట 13 పండ్లది వేసిన లాగు శక్తి నూటికి 7 పాళ్లకు పైగా పెరుగును. గరిష్ఠవేగము నూటికి 7 పాళ్లు తగ్గును. ఇక్కడ బలము పుట్టలేదు, రూపము మారినది. ప్రకృతి ఒక చేత నిచ్చి మఱియొక చేత తీసికొనును.

కావున మార్పునకు క్రమము ఇది: మొదట బ్రేకులు, టైరులు, స్ప్రింగులు, తరువాత తేలిక, కట్టకడపట బలము. మన దేశములో 2007 నుండి జరుగుచున్న బాహా పోటీలో ఇంజనీరింగు విద్యార్థులు ఒంటిసీటు కొండబండ్లను స్వయముగా నిర్మింతురు. పెట్రోలు బండ్ల విభాగములో అందఱును ఒకే విధమైన చిన్న యంత్రమునే వాడవలెను. కావున గెలుపు తేలికను, పట్టును, మన్నికను, నడుపువాని నేర్పును బట్టి వచ్చును.

తలిదండ్రులకు ఒక మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్టరైన వాహనమును తయారుచేసినవారి వివరములకు భిన్నముగా మార్చుట నేరము. 2019 సవరణనుబట్టి, బాలుడు నడిపి నేరము చేసినచో సంరక్షకునికి గాని బండి యజమానికి గాని మూడేండ్లవఱకు చెఱయు, 25,000 రూపాయల జరిమానాయు కలుగవచ్చును. జరిమానాకంటె పెద్ద నష్టము వేఱొకటి యున్నది. క్వాడ్ బైకునకు పైకప్పు లేదు. బోర్లపడిన బండి బరువంతయు క్రిందనున్న బాలుని ఱొమ్ముపైననే పడును. శిరస్త్రాణము తలను కాచునుగాని ఱొమ్మును కాచదు.

అభ్యాసము

1. బండి బరువు 150, మనుష్యుడు 60, బలము 35 గుర్రములు. బండినుండి 10 కిలోగ్రాములు తగ్గించిన ఎన్ని గుర్రములు కలిసివచ్చినట్లగును?
2. వెనుక కూర్చుండుటకు మఱియొక బాలుని ఎక్కించుకొన్న గురుత్వకేంద్రము ఏమగును? బండి నిలుకడ ఏమగును?
3. మీ ఊరి ఎద్దుబండ్లలో కొయ్యచక్రము, టైరుచక్రము గలవానిని చూచి, ఏది యిసుకలో తేలికగా నడచునో, ఏల నడచునో వ్రాయుడు.