ఆటలో బోర్డులు చదివే పని

ఫ్లెక్సీ షాపులో కూర్చుని కోరల్‌డ్రాలో పుట్టినరోజు బ్యానర్లు చేసే కుర్రాళ్లు సింగరాయకొండలోనే కాదు, ఒంగోలు నుంచి కావలి దాకా ప్రతి సెంటర్లోనూ ఉన్నారు. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని ప్రకటించినప్పుడు ఈ పని ఎన్నాళ్లుంటుందోనన్న దిగులు మొదలైంది. నిషేధం సంగతి అలా ఉంచితే, అదే చేతి పనికి ఇంకో గిరాకీ ఉంది. వీడియో గేముల్లో, వీఆర్ శిక్షణ ప్రోగ్రాముల్లో, సినిమా వీఎఫ్‌ఎక్స్‌లో కంప్యూటర్ మీద ఊళ్లకు ఊళ్లు కడుతున్నారు. ఆ ఊళ్లకూ దారి చూపే బోర్డులు కావాలి, దుకాణాల పేర్లు కావాలి. అయితే అక్కడ బోర్డు అందంగా గీయగలిగేవాళ్లకు కొదవ లేదు. కొత్తవాడు ఆ బోర్డు చూసి సమయానికి మలుపు తిరగగలడా లేదా అని తేల్చి చెప్పేవాళ్లే తక్కువ. మీరు నేర్చుకోవాల్సింది అదే.

ఇందుకు కోర్సుకు డబ్బు కట్టక్కర్లేదు. ఒక ఆట ఆడండి. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 దీనికి బాగా పనికొస్తుంది. 2012లో చెక్ దేశపు ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఈ ఆటలో ఏ దేశపు రోడ్డుకు ఆ దేశపు బోర్డులే ఉంటాయి. జర్మనీలో ఆటోబాన్ మీద నీలం, ఇటలీ ఆటోస్ట్రాడా మీద ఆకుపచ్చ. కంప్యూటర్ లేకపోతే ఫోన్లో బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా చాలు. ఆర్టీసీ రంగులు పులిమిన బస్సుల్ని అందులో నడిపే కుర్రాళ్లు మీకూ తెలిసే ఉంటారు. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుపుతారు. పైగా ఆ భాష మనకు రాదు. కాబట్టి బాణం గుర్తు, రంగు, బోర్డు నిలబెట్టిన చోటు, వీటినే నమ్ముకోవాలి. పరీక్షకు అంతకన్నా ఏం కావాలి?

ముందుగా దారి చూపే చిన్న మ్యాపును ఆపేయండి. స్క్రీన్ రికార్డింగ్ పెట్టి బండి నడపండి. ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ తప్పు దారి పట్టారో అప్పుడు పట్టించుకోవద్దు. తర్వాత వీడియో వెనక్కి తిప్పి ప్రతి బోర్డుకూ మూడు సమయాలు రాసుకోండి: బోర్డు ఉందని కంటపడింది ఎప్పుడు, అక్షరాలు చదవగలిగింది ఎప్పుడు, స్టీరింగ్ తిప్పాల్సింది ఎప్పుడు. చదవడానికీ తిప్పడానికీ మధ్య దొరికిన సెకన్లే ఆ బోర్డు అసలు విలువ. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు దాటేస్తుంది. అక్షరాలు 66 మీటర్ల దూరంలో గాని తెలియలేదంటే డ్రైవరు చేతిలో ఉన్నది మూడు సెకన్లే.

ఆటల్లో ఇంకో తిరకాసు ఉంది. ఈ ట్రక్ ఆటలో ఊళ్ల బయట ప్రపంచాన్ని సుమారు పంతొమ్మిదో వంతుకు కుదించారు. అంటే కిలోమీటరు ముందు పెట్టాల్సిన బోర్డుకు అక్కడ చోటే దొరకదు. జంక్షన్లు ఒకదాని వెంట ఒకటి మీద పడతాయి. అలాంటిచోట అసలు రోడ్డు నియమాన్ని మక్కీకి మక్కీ దింపితే లాభం లేదు. ఏ బోర్డు తీసేయాలో, దేన్ని ముందుకు జరపాలో డిజైనరే తేల్చుకోవాలి. ఉద్యోగానికి పంపే మీ నివేదికలో ఈ ఒక్క విషయం పట్టుకున్నా, చూసేవాళ్లు రెండోసారి చదువుతారు.

అసలుతో పోల్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. సింగరాయకొండ పక్కనే 16వ నంబరు జాతీయ రహదారి ఉంది, 2010కి ముందు 5వ నంబరు. గుంటూరు మిర్చి లోడుతో చెన్నై పోయే లారీ డ్రైవరు చూసే ఆకుపచ్చ బోర్డులు, పసుపు తల మైలురాళ్లు అన్నీ అక్కడే. రోడ్డు అంచున సురక్షితమైన చోట నిలబడి చూడండి, బండి నడుపుతూ మాత్రం కాదు. నగరపు వీధులు కావాలంటే గూగుల్ స్ట్రీట్ వ్యూ ఉంది, అది 2022 జూలైలో హైదరాబాద్ సహా పది నగరాలతో మన దేశంలో మొదలైంది.

ఇక తెలుగు. ఇక్కడే మీకు బయటివాళ్లకు లేని పట్టు ఉంది. సింగరాయకొండ అన్న పేరులో ఒత్తు ఒక్కటీ లేదు. బోర్డు మీద నిక్షేపంగా కూర్చుంటుంది. అదే బోర్డు మీద మద్దిపాడు, మార్టూరు చేరితే కింద ఒత్తుకు చోటు వదలాలి, పైన గుడికి వదలాలి. అంత వదిలాక అక్షరం అసలు ఒళ్లు పక్కనున్న ఇంగ్లీషు పెద్దక్షరంలో సగానికి పడిపోతుంది. అందుకే రెండు భాషలకూ ఒకే ఎత్తు ఇచ్చామని మురిసిపోతే తెలుగుకు అన్యాయం చేసినట్టే. దూరం నుంచి కు, కూ ఒకటిగా కనిపిస్తాయి. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. లావు ఫాంటు వాడితే ఆ చుక్క పూడిపోతుంది.

వీఆర్ హెడ్‌సెట్‌లో ఇది ఇంకా కష్టం. మెటా క్వెస్ట్ 3లో చూపు ఒక డిగ్రీకి సుమారు 25 పిక్సెళ్లు. పది మీటర్ల దూరంలో 17 సెంటీమీటర్ల అక్షరం దాదాపు ఒక డిగ్రీ ఆక్రమిస్తుంది. గుడీ ఒత్తూ పోను మిగిలేది పన్నెండు పదమూడు పిక్సెళ్లు. అందులో ధ కింది గీతకు ఒకటో రెండో దక్కుతాయి. కాగితం మీద లెక్క వేసి చూపించగలిగితే, హెడ్‌సెట్ కొనకుండానే ఈ మాట చెప్పొచ్చు.

ఫైళ్ల విషయంలోనూ జాగ్రత్త. అను ఫాంట్లతో చేసిన డిజైన్ ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా మారుతుంది. మండలి, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లకు అలవాటు పడండి. యూనిటీలో వాడే టెక్స్ట్‌మెష్ ప్రోకు తెలుగు ఒత్తులు కూర్చడం రాదు, విడివిడిగా పడేస్తుంది. కాబట్టి ఇంక్‌స్కేప్‌లో రాసి, అక్షరాలను పాత్‌లుగా మార్చి, బొమ్మగా ఇవ్వడం నయం. ఏఐతో బోర్డు గీయించారా, తెలుగులా కనిపించి తెలుగు కాని వంకర్లు ఉన్నాయేమో అక్షరం అక్షరం చూసుకోండి. చాలా స్టూడియోల్లో ఆ తప్పు పట్టగలిగే మనిషి ఉండడు, నా లెక్కలో మీ మొదటి ఉద్యోగం అక్కడే ఉంది.

నమూనాగా పది బోర్డులు వద్దు. ఒక్క కూడలి తీసుకోండి. రెండు పేజీల పీడీఎఫ్, నిమిషం వీడియో. బోర్డు బాగోలేదని రాయొద్దు. ఏ సెకనులో తడబడ్డారో, ఎందుకో, మీరు దాన్ని ఎటు జరిపారో, జరిపాక మీ ఆట చూడని స్నేహితుడు ఎలా నడిపాడో రాయండి. ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్ట్, లెవెల్ డిజైనర్, యూఐ డిజైనర్ ఉద్యోగాలకు ఇదే నమూనా పంపొచ్చు.

విడిగా పని ఒప్పుకుంటే మాత్రం ఫ్లెక్సీలా చదరపు అడుగు లెక్కన రేటు చెప్పకండి. కంప్యూటర్ ఊళ్లో బోర్డుకు అడుగులు ఉండవు. బోర్డుకు ఇంత అని చెప్పి, ఎన్నిసార్లు మార్పులు చేసిస్తారో, ఆ పైన మార్పుకు ఎంతో ముందే మెయిల్లో రాయించుకోండి. అడ్వాన్సు అందాకే అసలు ఫైలు పంపండి.