లుఖ్మాన్ తన కుమారునితో మాట్లాడిన తీరు

"మా అబ్బాయి నమాజుకు రావడం లేదు, ఏం చెప్పినా వినడం లేదు" అని తల్లిదండ్రులు తరచూ వాపోతుంటారు. "వాడితో తీరిగ్గా కూర్చుని మీరు మాట్లాడింది ఎప్పుడు?" అని అడిగితే చాలామంది దగ్గర సమాధానం ఉండదు. ఆజ్ఞాపించడం వేరు, మాట్లాడటం వేరు. ఈ తేడా తెలుసుకోవాలంటే దివ్య ఖుర్ఆన్‌లోని 31వ సూరా 'లుఖ్మాన్' చదవాలి.

హజ్రత్ లుఖ్మాన్ ప్రవక్త కారనీ, అల్లాహ్ వివేకం ప్రసాదించిన పుణ్యపురుషుడనీ అత్యధిక పండితుల అభిప్రాయం. ఒక తండ్రి తన ఇంట్లో కుమారునితో చెప్పుకున్న మాటలను అల్లాహ్ ప్రళయం వరకు చదవబడే గ్రంథంలో భద్రపరిచాడు. ఇంటి సంభాషణకు ఇంతకంటే గౌరవం ఏముంటుంది?

ఆయన కుమారుణ్ణి మూడుసార్లు 'యా బునయ్య' అని పిలిచారు (13, 16, 17 ఆయతులు). అరబీలో 'ఇబ్న్' అంటే కుమారుడు. 'బునయ్య' దాని ముద్దు రూపం. తెలుగులో 'నా చిట్టి తండ్రీ' అంటామే, అలాగన్నమాట. మొదటి మాట తౌహీద్ గురించి. అల్లాహ్‌కు సాటి కల్పించవద్దని చెప్పి ఊరుకోలేదు, అది ఎంత ఘోరమైన అన్యాయమో కూడా చెప్పారు. అంటే కారణం వివరించారు. తర్వాత ఆవగింజ ఉదాహరణ ఇచ్చారు. ఆవగింజంత పని బండరాయిలో దాగినా, ఆకాశాలలో ఉన్నా, భూమిలో ఉన్నా అల్లాహ్ దాన్ని వెలికి తెస్తాడని బోధించారు. మన వంటింటి పోపుల డబ్బాలో ఉండే వస్తువే! అమ్మ పక్కన నిలబడ్డ పిల్లవాడి అరచేతిలో ఒక్క ఆవగింజ పెట్టి చెప్పి చూడండి. నమాజు ప్రస్తావన దీని తర్వాతే, 17వ ఆయతులో వస్తుంది. పిల్లల హృదయంలో అల్లాహ్ ఎరుక కలిగించకుండానే నమాజు కోసం కేకలు వేసేవారు ఈ క్రమాన్ని గమనించాలి. గొంతు తగ్గించి మాట్లాడమన్న ఉపదేశం కూడా ఇక్కడే, 19వ ఆయతులో ఉంది.

ప్రవక్తల ఇళ్లల్లోనూ ఇదే పద్ధతి. కుమారుణ్ణి జిబహ్ చేస్తున్నట్లు కల వచ్చినప్పుడు హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) ఆ సంగతి చెప్పి, నీ అభిప్రాయమేమిటని ఆ అబ్బాయినే అడిగారు (37:102). హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) మరణ ఘడియలో తన తర్వాత ఎవరిని ఆరాధిస్తారని కుమారులను ప్రశ్నించారు (2:133). చెప్పించడం కంటే వారి నోటితోనే పలికించడం ఎంత బలమైనదో చూడండి.

అడగరాని ప్రశ్న అడిగితే? ఒక యువకుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వచ్చి వ్యభిచారానికి అనుమతి కోరాడు. అక్కడివారు గద్దించారు. ఆయన మాత్రం దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకున్నారు. నీ తల్లి విషయంలో, కుమార్తె విషయంలో, చెల్లెలు, మేనత్త, పినతల్లి విషయంలో దీన్ని ఇష్టపడతావా అని ఒక్కొక్కటిగా అడిగారు. ఆ తర్వాత చేయి వేసి అతని కోసం దుఆ చేశారు. ఆపై ఆ యువకుడు అటువైపు తిరిగి చూడలేదు (ముస్నద్ అహ్మద్). ఈనాడు మన ఇంట్లో అమ్మాయో అబ్బాయో "అల్లాహ్ ఉన్నాడని మనకెలా తెలుసు?" అంటే 'తౌబా తౌబా' అని నోరు మూయిస్తున్నాం. ఆ ప్రశ్న ఆగదు, ఫోనులోకి వెళుతుంది. అక్కడ జవాబు చెప్పేవాడెవడో మనకు తెలియదు.

భాష సంగతి కూడా చెప్పాలి. నేను ఉర్దూలో దీన్ నేర్చుకున్నవాణ్ణి, ఆ భాషంటే ప్రాణం. కానీ తెలుగులోనో ఇంగ్లీషులోనో ఆలోచించే బిడ్డకు 'తఖ్వా', 'ఆఖిరత్' అన్న పదాలు అప్పజెప్పిస్తే సరిపోదు. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి భాషలోనే పంపానని అల్లాహ్ తెలియజేశాడు (14:4).

మాట్లాడినంత మాత్రాన అందరూ వింటారని కాదు. హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) తుఫాను అలల మధ్య నుంచి 'యా బునయ్య' అని పిలిచినా కుమారుడు రాలేదు (11:42, 43). మార్గదర్శనం అల్లాహ్ చేతిలో ఉంది, పిలవడం మన బాధ్యత.

ఇక జవాబు తెలియకపోతే 'తెలియదు' అనడానికి సిగ్గుపడనక్కర్లేదు. ఇమాం మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) అంతటి విద్వాంసుడే ఆ మాట నిస్సంకోచంగా అనేవారు. బిడ్డ అడిగిన ప్రశ్నను కాగితం మీద రాసుకోండి. జుమా నమాజు అయ్యాక వాణ్ణి వెంటబెట్టుకుని ఇమాం గారి దగ్గర కూర్చోండి. ప్రశ్న మాత్రం వాడినే అడగనివ్వండి.